నీళ్ళపల్లికి అందిన సమన్లు

ఉద్యోగంలో చేరిన రోజే సుష్మ చేత కుక్కకు సెల్యూట్ కొట్టించారు.

డీఎస్పీ గారు వెనక పెరట్లో ఉన్నారు, పరుగెత్తు అన్నారు. బెల్టు సరిచేసుకుని పరుగెత్తింది. వేపచెట్టు కింద గజ్జి పట్టిన ముసలి కుక్క ఒకటి పడుకుని ఉంది. స్టేషన్లో దాని పేరే డీఎస్పీ. అది తెలియక అటూ ఇటూ చూస్తుంటే గోడ వెనక నుంచి ‘సెల్యూట్’ అని ఆర్డరు వినబడింది. ట్రైనింగులో అలవాటైన చెయ్యి దానంతటదే లేచింది. కానిస్టేబుల్ భరత్ దాన్ని సెల్‌ఫోన్లో తీశాడు. సాయంత్రానికి ఆ వీడియో పక్క స్టేషన్లకు కూడా చేరింది.

అక్కడితో ఆగలేదు. మరోరోజు ఆమె టోపీ దాచేసి, టోపీ లేకుండా పరేడులో నిలబెట్టి ఎస్సై చేత తిట్టించారు. వైర్‌లెస్ సెట్టుకు వైరు కొనుక్కు రమ్మని బజారుకు పంపారు. అది ఎగతాళి అని తెలిసే వెళ్ళింది. వెళ్ళకపోతే మాట వినని మనిషని పేరు పడుతుంది. ఇంకా ఉద్యోగం ఖాయం కాలేదు. తండ్రి శ్రీరంగప్ప ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. కూతురికి పోలీసు ఉద్యోగం వచ్చిందని వీధంతా చెప్పుకున్న మనిషి. ఫోన్లో ఒకసారి ఆమె గొంతు తడబడితే, ఏమైందని అడగకుండానే ఒక మాటన్నాడు.

“పోగు తెగితే మగ్గాన్ని తంతామా పాపా? అతుకేసుకుని నేసుకుంటా పోవల్ల.”

అతుకేసుకుంటూ పోయింది. అయితే తెగిన పోగుకు అతుకు వేస్తారు గానీ, ఎవడో కావాలని కత్తెరతో తెంపుతుంటే ఎన్నాళ్ళని వేస్తారు? ఇది మాత్రం శ్రీరంగప్ప చెప్పలేదు. పాపం, ఆయనకు తెలియదు.

ఆ స్టేషను ముదిగుబ్బ వైపు వెళ్ళే దారిలో ఎక్కడో ఉందనుకోండి. పేరు నాకు అక్కర్లేదు. ఇలాంటివి చాలా ఉన్నాయి. అక్కడ కొత్తవాళ్ళకు ఆఖరి పరీక్ష ఒకటుంది. దాని పేరు నీళ్ళపల్లి. ‘నీళ్ళపల్లి సర్పంచికి సమన్లు ఇచ్చిరా’ అని ఒక కాగితం చేతికిస్తారు. వేరుశనగ విత్తి వానకోసం ఆకాశం చూసే ఈ నేలలో నీళ్ళపల్లి ఏమిటి? అదే నవ్వు. కొత్త కానిస్టేబులు ఎండలో ఊరూరా అడిగి, లేని ఊరిని వెతికి, నాలుక పిడచగట్టి తిరిగొస్తాడు. గడప దగ్గర నిలబడి ‘అలాంటి ఊరు లేదు సార్’ అని రిపోర్టు చెప్పాలి. చెప్పగానే ‘ఇవిగో నీళ్ళపల్లి నీళ్ళు’ అంటూ నెత్తిన బిందెడు నీళ్ళు గుమ్మరిస్తారు. దాంతో వాడు తమవాడు అయిపోయినట్టు లెక్క. హెడ్ కానిస్టేబుల్ నారాయణప్ప కూడా కుర్రతనంలో ఆ బిందె కింద తడిసినవాడే. ఇప్పుడు బిందె ఆయన చేతిలో ఉంది.

సుష్మ వంతు వేసవి చివర్లో వచ్చింది. అసలు సమన్లలాగే కనబడాలని నారాయణప్ప ఆ కాగితం మీద స్టేషను ముద్ర కొట్టి, కింద తన సంతకం కూడా పెట్టాడు.

బస్సు దిగిన కూడలిలో టీ కొట్టతనికి చూపించింది. అతను కాగితం కూడా చదవలేదు. కొత్తగా వచ్చినావా మేడమ్, నీ నెత్తిన పోసేకి ఆడ బిందెడు నీళ్ళు పెట్టుకోనుంటారు పో అని నవ్వాడు. కొట్టు దగ్గరున్న నలుగురూ నవ్వారు. అప్పుడు అర్థమైంది ఆమెకు. స్టేషనే కాదు, మండలం మొత్తం ఈ ఆటలో ఉంది. తిరుగు బస్సు ఎక్కేద్దామని రోడ్డు దాటబోయింది.

కొట్టు నీడలో గొర్రెలు నిలిపిన ముసలాయన ఒకడు నవ్వలేదు.

“నీళ్ళపల్లి లేదన్నోడు ఎవడు? మా మేనత్తను ఇచ్చిన ఊరు అది. ఆ గుట్ట మీద గాలి ఫ్యాన్లు తిరగతాండాయి సూడు, వాటెనకాల ఉండాది.”

గాలిమరల కోసం వేసిన మట్టిరోడ్డు పట్టుకుని ఆమె గుట్ట దాటింది. అవతల నిజంగానే ఊరుంది. ఊరు కాదు, ఊరు ఉండిన చోటు. కప్పులు కూలిన ఇళ్ళు, తుమ్మలు మొలిచిన రచ్చబండ, ఎండిన చేదబావి. బోర్లు ఎండిపోయాక జనం ఇళ్ళకు తాళాలు వేసుకుని బెంగళూరు కూలి పనులకు వెళ్ళిపోయారు. తాళం లేని ఇల్లు ఒక్కటే. అరుగు మీద చెన్నమ్మ అనే అవ్వ కూర్చుని ఉంది. పక్కన గొర్రెల దొడ్డి, అందులో కాసిని గొర్రెలు.

ఖాకీ బట్టలు చూడగానే అవ్వ ముఖం తిప్పుకుంది.

“ఏమ్మే పాపా, నువ్వు గూడా నవ్వనీకి వచ్చినావా?”

విషయం మెల్లగా బయటికొచ్చింది. గాలిమరల రోడ్డు పడ్డాక ఆ దారినే వ్యాన్లో ఎవరో వచ్చి ఆమె గొర్రెలను ఎత్తుకుపోతున్నారు. ఒకసారి కాదు. ఆమె కాలినడకన స్టేషనుకు పోయింది. ఏ ఊరని అడిగారు. నీళ్ళపల్లి అంది. అంతే, స్టేషనంతా విరగబడి నవ్వింది. ఎవరు నేర్పించి పంపినారవ్వా అన్నారు. తాము ఆడే ఆటను ఎవరో తమ మీదే తిప్పి ఆడుతున్నారనుకున్నారు. పోయినప్పుడల్లా అదే నవ్వు. తన చిరిగిన కోక చూసి నవ్వుతున్నారనుకుంది అవ్వ. మొదట ఆ పేరుతో ఆట మొదలుపెట్టింది ఎవరో స్టేషన్లో ఎవరికీ గుర్తు లేదు. ఆ పేరుకు ఒక ఊరుందన్న సంగతి కూడా ఎప్పుడో మరిచిపోయారు.

తహసీల్దారు ఆఫీసులో అడిగితే బేచిరాకు గ్రామం అన్నారట. పాత నవాబుల కాలం మాట. చిరాగ్ అంటే దీపం. దీపం పెట్టే దిక్కులేని ఊరని అర్థం.

“దీపం లేని ఊరంట పాపా మాది. సందకాడ రోజూ పెడతాండా కదా. నేను పెట్టేది దీపం కాదా?”

సుష్మ అరుగు మీద అవ్వ పక్కన కూర్చుంది. తన నెత్తిన పడబోయే బిందెడు నీళ్ళు ఆమెకు పెద్ద విషయంగా తోచలేదు. ఆ నీళ్ళ కింద నిలబడి నవ్వేసి ఊరుకుంటే, ఈ అవ్వ గొర్రెలు ఇక దొరకవు. ఫిర్యాదు తీసుకోమని అడ్డం తిరిగితే ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. తేల్చుకోవలసింది ఇదొక్కటే.

జేబులోంచి సమన్లు తీసింది. సర్పంచి ఎవరవ్వా అని అడిగింది.

“ఊరంతా నేనే అయినప్పుడు సర్పంచిని నేను కాక ఇంకెవరుండారు?” అని అవ్వ పళ్ళులేని నోటితో నవ్వింది. ఇద్దరూ నవ్వారు. సమన్లు అందినట్టు కాగితం వెనక అవ్వ వేలిముద్ర పడింది. గొర్రెలను కూడలి దగ్గరి ముసలాయనకు అప్పజెప్పి, ఆటో మాట్లాడుకుని ఇద్దరూ బయల్దేరారు.

స్టేషన్లో బిందె సిద్ధంగా ఉంది. భరత్ ఫోను పట్టుకుని నిలబడ్డాడు. ఎస్సై రాజేంద్ర కూడా తమాషా చూడడానికి గది గుమ్మంలోకి వచ్చాడు. సుష్మ గడప దగ్గర నిలబడి సెల్యూట్ చేసింది.

“నీళ్ళపల్లికి పోయొచ్చినా సార్. సమన్లు అందినాయి.”

ఆ మాట ఆ గడప దగ్గర ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు. నారాయణప్ప బిందె ఎత్తిన చేతులు అలాగే ఆగిపోయాయి. ఆమె వెనకనుంచి చెన్నమ్మ ముందుకొచ్చింది. ఈమె ఆ ఊరి మనిషి సార్, గొర్రెలు పోయాయని ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చింది అని సుష్మ చెప్పింది.

నారాయణప్ప తేరుకుని, బీరువాలోంచి పాత గ్రామాల జాబితా తీసి చూశాడు. “రికార్డులో అది బేచిరాకు గ్రామం సార్. మనుషులు లేని ఊరు. ఆడ దొంగతనమని కేసెట్ల కడతాము?”

సుష్మ కాగితాన్ని ఎస్సై ముందు పెట్టింది. గొంతు పెంచలేదు.

“మనుషులు లేని ఊరికి సమన్లు ఎవరు పంపినారు సార్? ముద్ర మన స్టేషన్దే. సంతకం నారాయణప్పన్నది. ఊరుంటే అవ్వ ఫిర్యాదు తీసుకోండి. ఊరు లేదంటే ఈ కాగితం ఏందో మీరే చెప్పండి.”

ఎస్సై కాగితం తిప్పి చూశాడు. ముద్ర, సంతకం, వెనక వేలిముద్ర. దొంగ సమన్లు తయారుచేస్తే ఏమవుతుందో ఆ గదిలో అందరికీ తెలుసు. భరత్ నెమ్మదిగా ఫోను జేబులో వేసుకున్నాడు.

“కేసు కట్టు నారాయణప్పా,” అన్నాడు ఎస్సై. “నీ చేత్తోనే రాయి.”

బెంచీ మీద కూర్చున్న అవ్వ చూపు బిందె మీద పడింది. ఆ నీళ్ళు ఎవరికి పెట్టినారప్పా, కొంచెం నాకు పోస్తారా, దప్పికైతాండాది అంది. ఎవరూ కదల్లేదు. చివరికి నారాయణప్పే బిందె వంచాడు. కొత్తవాళ్ళ నెత్తిన పోయాల్సిన నీళ్ళు అవ్వ దోసిట్లో పడ్డాయి. ఆమె తృప్తిగా తాగి, తడిచేత్తో ముఖం తుడుచుకుంది.

గాలిమరల కంపెనీ గేటు కెమెరాలో ఆ వ్యాను దొరికింది. వ్యాను వెంట దొంగలు, దొంగల వెంట సంతకు తోలబోతున్న గొర్రెలు. అన్నీ దక్కలేదు. దక్కినవాటిని చూసి అవ్వ ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి తిట్టింది. ఎక్కడికి పోయి చచ్చినారే ఇన్నాళ్ళూ అని.

సుష్మ ఉద్యోగం ఖాయమైంది. నీళ్ళపల్లి ఇప్పుడు ఆమె గస్తీ తిరిగే బీటులో ఉంది. మొన్న కొత్తగా ప్రవీణ్ అనే కుర్రాడు చేరాడు. నీళ్ళపల్లికి పోయిరా అని అలవాటు కొద్దీ భరత్ నోరు జారాడు. దా తమ్ముడూ, నేనే చూపిస్తా అని సుష్మ బండి తీసింది. ఆ ఊళ్ళో వాళ్ళిద్దరికీ అవ్వ మజ్జిగ ఇచ్చింది. బిందె మాత్రం ఇప్పుడు స్టేషను గుమ్మంలో, వచ్చేపోయేవాళ్ళు తాగడానికి ఉంది.

మేమూ పడ్డాం, వీళ్ళూ పడనీ అంటారు పాతవాళ్ళు. సరదా అంటారు. ఇలా మొదలైన నవ్వు కొత్త కానిస్టేబులు దగ్గర ఆగితే నేనూ ఊరుకుందును. అది ఆగదు. గొర్రెలు పోయి గడప తొక్కిన చెన్నమ్మ దాకా వస్తుంది. మనిషిని చూసి నవ్వడం నేర్పిన చోట మనిషి మొర వినడం ఎవరు నేర్పుతారు?

అందుకే మీతో పని పడింది. కొత్త పోలీసు ఎవరైనా లేని అడ్రసు పట్టుకుని మీ కొట్టుకు వస్తే నవ్వకండి. నీడలో కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి. ఆ కాగితం మీద సంతకం ఎవరిదో చూసి పై అధికారులకు ఫోన్ చేయండి. అలాంటి వీడియో మీ ఫోనుకు వస్తే ఇంకొకరికి పంపకండి. మీ ఊరు మా పరిధి కాదని ఏ స్టేషనైనా ఫిర్యాదు తోసేస్తే లేచి రాకండి. నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు నమోదు చేయాల్సిందేనని చట్టంలో ఉంది, గట్టిగా అడగండి. మీ చుట్టుపక్కల బేచిరాకు అని కొట్టేసిన ఊరుంటే, ఒక్కసారి సందెవేళ అక్కడికి వెళ్ళి చూడండి. దీపం కనబడితే తలుపు తట్టండి.