తాండ్ర కవరు మీద చాప

తిరుపతిలో మా డిజైన్ స్టూడియో పట్టపగ్గాల్లేకుండా పెరుగుతున్న రోజులవి. జెరాక్స్ కొట్టు మీద ఒక్క గదిలో మొదలై, పక్క గది గోడ కూడా పగలగొట్టించుకుంది. అయినా ఆలస్యంగా వచ్చినవాళ్లకు కాగితం కట్టలే కుర్చీలు. కొత్తగా చేరినవాళ్లంతా కంపెనీల పని చేస్తుంటే, పాతదాన్నైన నేను మాత్రం పెళ్లిపత్రికల్లో పేర్లు మారుస్తూ కూర్చున్నాను. ఒళ్లు మండేది.

అందుకే చిత్తూరు మామిడితాండ్ర కంపెనీ కవరు పని రాగానే, ఎవరూ అడక్కుండానే నేనూ ఒకటి గీశాను. తాండ్ర ఎండబెట్టే ఈతచాప అల్లిక, చుట్టూ ఎర్రంచు. అంతే. రోజూ నగరి నుంచి రైలెక్కి వచ్చే మా సీనియర్ అదే పనికి కవరు నిండా మామిడికాయ గీశాడు. నాది చూసి పడిపడి నవ్వాడు.

"మామిడికాయ యాడమ్మా? మనం అమ్మేది తాండ్రా, చాపలా?"

స్టూడియో పెట్టిన అక్క మీటింగుల్లో ఏదీ తేల్చదు. కింద బంకు కొట్టులో తాండ్ర నింపిన రెండు కవర్లూ వేలాడదీయించి, జనం ఏం చేస్తారో పైనుంచి చూస్తుంది. నాతో ఒకటే మాట అంది. "నీది నెగ్గితే ఇంక పెళ్లిపత్రికలు ముట్టుకోబాకు. ఓడితే నోరెత్తబాకు."

సాయంత్రం పని గాలికొదిలేసి అందరం బాల్కనీలో పడ్డాం. బంకు దగ్గర ఎవరు ఆగినా నేను పిట్టగోడ మీదికి వంగి చూసేదాన్ని. ఏర్పేడు బస్సు కోసం నిలబడ్డ కాలేజీ పిల్లలు సీనియర్ కవరే తీసుకున్నారు. తర్వాత వచ్చినాయనా అదే. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి.

"పెళ్లిపత్రికలు శానా మిగిలుండాయమ్మా," అన్నాడు సీనియర్.

అంతలో తిరుమల బస్సు దిగిన ఒక అవ్వ రెండు కవర్లూ తడిమి, నాది తీసుకుంది. మా మెట్ల మీదే కూర్చుని తాండ్రంతా తినేసింది. కవరు మాత్రం పారేయలేదు. కొంగుతో తుడిచి, జాగ్రత్తగా మడిచి, సంచిలో పెట్టుకుంది.

అక్క సీనియర్ వైపు తిరిగింది. "తినేసినాక నీ కవరు ఎవురన్నా దాసిపెట్టుకున్నారా? చిత్తూరుకు చాపే పోతాది."

బాల్కనీ అంతా ఈలలు. నేను ఒక్క కాలికే చెప్పుతో కిందికి పరిగెత్తాను. ఆ కవరుకు ఫ్రేము కట్టించుకోవాలని ఆశ.

"అవ్వా, ఆ కవరు నాకిస్తావా? ఇంకో తాండ్ర కొనిస్తా."

అవ్వ సంచి ఒళ్లోకి లాక్కుంది. "ఇయ్యను పో. నా వక్కాకు పెట్టుకునేదానికి బాగుండాది."

"అది గీసింది నేనే అవ్వా."

"అయితే ఇంకోటి గీసుకో."