టెర్మినల్‌కు పూసిన గోళ్ళ రంగు

ఆత్మకూరు మేస్త్రీ పోయాడని మొన్న పొద్దున ఫోనొచ్చింది. నేను నమ్మలేదు. ఫోన్ చేసినవాడు మేస్త్రీ షెడ్డున్న వీధిలోనే ఇంకో షెడ్డు నడిపేవాడు; గిరాకీ కోసం ఎంతకైనా తెగిస్తాడనుకున్నాను. మేస్త్రీ నంబరుకే చేశాను. ఆయన భార్య ఏడుపు విన్నాక గానీ అనుమానం తీరలేదు. అదీ నా బుద్ధి!

పాత కార్ల కరెంటు పనిలో ఆయన చెయ్యి వేరు. ఓల్టేజీ ఎక్కడ తగ్గుతోందో వైరు వైరునా మీటరు పెట్టి వెతికేవాడు. అంతకుముందు మీటరును తన సొంత బ్యాటరీ మీద పెట్టి చూసుకునేవాడు. "ముందు మన మీటరునే అనుమానించాల అబ్బయ్యా" అనేవాడు.

నాయన నడిపిన కారును రెండేళ్ళ కిందట హారన్ పనికి ఉదయగిరి నుంచి ఆయన దగ్గరకు తీసుకెళ్ళాను. నా కొత్త బ్యాటరీ తీసేసి పాతది పెడతాడేమోనని భయం. గుర్తు పెట్టాలి, ఆయనకు కనపడకూడదు. వైరును పట్టి ఉంచే క్లాంపు విప్పి, బ్యాటరీ టెర్మినల్ చుట్టూ మా ఆవిడ గోళ్ళ రంగు పూసి, మళ్ళీ బిగించాను. ఎంత తెలివో!

హారన్ మోగింది గానీ, వారానికే లైట్లు మసకబారాయి. సెల్ఫ్ కొడితే ఇంజను మూలిగింది. ఇంకేముంది, "మేస్త్రీ ఏందో మార్చేసినాడు" అని ఉదయగిరిలో కనపడ్డవాడికల్లా చెప్పాను. తర్వాత తేల్చుకుందామని ఆత్మకూరు వెళ్ళాను.

ఆయన లైట్లు వేయించి, మీటరు సూది ఒకటి టెర్మినల్ మీద, ఇంకోటి దాని క్లాంపు మీద పెట్టాడు. "రెండు ఓల్టులు ఈడనే పోతాండాయి" అని క్లాంపు విప్పాడు. ఎర్రగా రంగు! నా మొహం చూశాడు. షెడ్డులో మరో ఇద్దరున్నారు. ఆయన ఉప్పుకాగితంతో గీకి బిగించాడు. లైట్లు తెల్లగా వెలిగాయి.

వాళ్ళిద్దరూ వెళ్ళాక మెల్లగా అన్నాడు: "అనుమానం ఉంటే ఉండనీ అబ్బయ్యా. కరెంటు పోయే దోవలో మాత్రం పెట్టబాక."

ఉదయగిరిలో నేనేం చెప్పానో ఆయనకు తెలియదు. నేనూ నోరు విప్పలేదు. పరువు పోతుందని భయం. మా ఊరి బండ్లు ఒక్కొక్కటే వేరే షెడ్లకు మళ్ళాయి. నేను మాత్రం ఆయన దగ్గరకే వెళ్తూ వచ్చాను. అప్పుడు ఊళ్ళో అన్న మాటను ఇప్పుడు వెనక్కు తీసుకుంటున్నాను. ఆయన నా బండిలో ఏదీ మార్చలేదు.

ఫోనొచ్చిన రోజే వాళ్ళింటికి వెళ్ళాను. ఉదయగిరి నుంచి నేను తప్ప ఎవరూ లేరు. ఆయన భార్య నన్ను చూసి లేచింది.

"మీ ఊరోళ్ళు రావడం మానేసినారయ్యా. నేనేం తప్పు చేసినానో అని ఆఖరిదాకా అడగతానే ఉన్నాడు. నువ్వొక్కడివే విడవకుండా వచ్చినావు" అంటూ కొంగుతో కుర్చీ తుడిచి వేసింది.

నేను కూర్చున్నాను.