ఆరో ఫిరంగికి కట్టిన ఎర్రగుడ్డ

మధ్యాహ్నం రెండింటికి సౌదీలోని హఫర్ అల్ బాతిన్ ఊళ్లో బస్సు దిగాను. గల్ఫ్ యుద్ధం ముగిసి మూడు నెలలు. మన సైన్యంలో పదిహేనేళ్లు ఫిరంగుల మెకానిక్‌గా చేసి వచ్చాను. ఇక్కడ సౌదీ సైన్యం ఫిరంగులు బాగుచేసే కంపెనీ వర్క్‌షాపులోనూ అదే పని. గొలుసు చక్రాల మీద నడిచే పాతకాలపు ఫిరంగులు ఆరు. చూస్తే ట్యాంకులే అనుకుంటారు. ఒళ్లంతా ఇసుక.

షెడ్డు ముందు ఉస్తాద్ నిలబడి ఉన్నాడు. రెజిమెంటులో నాకు పాన పట్టడం నేర్పిన హవల్దారు. ఇక్కడ ఫోర్‌మన్. వీసా పంపిందీ ఆయనే. ప్రాణం లేచొచ్చింది.

"ఏం తమ్మీ, రూల్ యాదికున్నదా?"

"కట్టినోడే విప్పాలె, ఉస్తాద్."

చెడిన ఫిరంగి గొట్టానికి ఎర్రగుడ్డ కడతాం. కట్టినవాడు తన చేత్తో విప్పి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకునేదాకా ఎవడూ దాన్ని పేల్చకూడదు. అది ఉస్తాద్ నేర్పిందే.

పన్నెండో రోజు. నలభై ఎనిమిది డిగ్రీలు. ఆరోదాని కింద నూనె కారుతోంది. పేలినప్పుడు వెనక్కి తన్నే గొట్టాన్ని ఆపేది ఆ నూనే. కొత్త సీలు దమ్మామ్ నుంచి రావాలి, మూడు రోజులు. గుడ్డ కట్టేశాను.

"రేపు పెద్దసార్లొస్తున్నరు. ఆరూ పేలాలె," అన్నాడు ఉస్తాద్.

"అది పేలిస్తే ఎనకున్నోడు సస్తడు ఉస్తాద్!"

"సరే తీ. సార్లకు నేను జెప్త."

నమ్మాను. ఉస్తాద్‌ను కాగితం మీద రాసిమ్మని అడుగుతామా?

మర్నాడు ఉదయం తొమ్మిది. షెడ్డులో ఉండి ఐదు మోతలు విన్నాను. హమ్మయ్య అనుకుంటుండగా ఆరోది పేలింది. వైర్‌లెస్‌లో ఒకటే కేక, అంబులెన్సు కావాలని. గుండు అందించే సౌదీ జవాను మోచేయి నుజ్జయింది. రోజూ నా చేతిలో ఖర్జూరాలు పోసేవాడు, పాపం.

విచారణలో ఉస్తాద్ నా మొహం చూడలేదు. "ఇతను గుడ్డ కట్టలేదు సాబ్," అన్నాడు హిందీలో. ఆయన చొక్కా జేబులోంచి మడత పెట్టిన ఎర్రగుడ్డ కొస కనిపిస్తోంది. వేలు చూపిస్తే చాలు. "ఉస్తాద్..." అన్నాను. పని నేర్పినవాడి మీద వేలెత్తలేక తల దించుకున్నాను. ఎంత మోసం చేశాడయ్యా! నేనూ ఎంత చవటనయ్యా!

వారంలో పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి పంపేశారు. యుద్ధం చూశావా అని మీరంతా అడుగుతారు. నేను చూసింది ఆ జేబు. అబద్ధమాడే రోజున కూడా గుడ్డను నాలుగు మడతలే పెట్టుకున్నాడు, మాకు నేర్పినట్టే.