అరవై ఒకటో నిబంధన

కమిటీ గదిలో ఆయనకు పెట్టిన పేరు జోలపాట. ఎదుట ఎవరూ అనరు, వెనక అందరూ అంటారు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఆయన ఉద్యోగం బిల్లులు చదవడం. శాసనసభకు వెళ్ళే ప్రతి పన్నుల బిల్లూ ముందుగా తొమ్మిదిమంది సభ్యులున్న ఆర్థిక కమిటీకి వస్తుంది. అక్కడ దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా ఎవరో ఒకరు గట్టిగా చదివి వినిపించాలని పాత నియమం. ఆ ఎవరో ఒకరు ఇరవై రెండేళ్ళుగా ఈయనే. ఒక నిబంధన చదివి ఆగుతాడు. అధ్యక్షుడు "సమ్మతమేనా" అంటాడు. చేతులు లేస్తాయి. మళ్ళీ చదువుతాడు.

చేతులు లేస్తాయన్నామే గానీ కళ్ళు తెరుచుకుంటాయని అనలేదు. పన్నుల బిల్లు మామూలు సరుకు కాదు. "పైన చెప్పిన నాలుగో ఉపనిబంధనలోని రెండో మినహాయింపుకు లోబడి" అని మొదలైన వాక్యం పేజీ తిప్పితే గానీ ముగియదు. పైన ఫ్యాన్లు, కింద మెత్తటి కుర్చీలు, అప్పుడే భోజనాలు అయివుంటాయి. ఒక్కొక్కరి గడ్డమూ వచ్చి ఛాతీకి ఆనుకుంటుంది. ఆయన ఆగగానే మాత్రం ఎవరో తాడు లాగినట్టు చేతులన్నీ పైకి వెళ్ళి మళ్ళీ ఒళ్ళో పడతాయి. ఒకసారి పొలమారి వాక్యం మధ్యలో ఆగితే ఎనిమిది చేతులు లేచాయి. తొమ్మిదో సభ్యుడు ఆ రోజు రాలేదు.

దీనికి ఆయన నొచ్చుకున్నాడా అంటే, నొచ్చుకున్నాడు. కానీ చదవడం మానేసేంత కాదు. చదవడమంటే ఆయనకు ప్రాణం. చిన్నప్పుడు వాళ్ళ నాన్నకు ఇస్త్రీ దుకాణం ఉండేది. బట్టల కోసం బల్ల మీద కూర్చున్నవాళ్ళు విసుగుపడకుండా పిల్లవాడి చేత పేపరు చదివించేవాడు ఆ తండ్రి. సినిమా ప్రకటనల దగ్గర్నుంచి చావు వార్తల దాకా అన్నీ ఒకే గొంతుతో చదివేవాడు వీడు. బట్టలు తీసుకున్నాక కూడా కొందరు కదిలేవాళ్ళు కాదు. చెవులు కోసుకునేవాళ్ళు. ఆ బల్ల మీది జనం మొహాలు ఆయనకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటాయి.

ఉద్యోగానికి పరీక్ష పెట్టినప్పుడు ఏడుగురు వచ్చారు. ఆరుగురు నాటకం వేసి వెళ్ళారు. ఈయన చదివాడు. అప్పటి పెద్ద గుమాస్తా కళ్ళద్దాలు తీసి, "ఈ అబ్బాయి చదువుతుంటే ఏం చెప్తున్నాడో తెలుస్తోంది, ఎవరు చెప్తున్నారో తెలియట్లేదు. మనకి కావాల్సింది ఇదే" అన్నాడట. తర్వాత పక్కకు పిలిచి ఒకటే షరతు చెప్పాడు. ఆ గదిలో కాగితం మీద ఉన్నది తప్ప ఒక్క ముక్క మాట్లాడకూడదు. ఒక పదాన్ని ఎక్కువ ఒత్తకూడదు, ఒక పదాన్ని మింగకూడదు. ఈయన ఆ మాటను ఇరవై రెండేళ్ళు తు.చ. తప్పకుండా పాటించాడు.

భార్య సిటీ బస్సులో కండక్టరు. ఆవిడ గొంతు విప్పితే ముందు సీట్లో డ్రైవరు ఉలిక్కిపడతాడు. ఇంట్లో ఈ రెండు గొంతులూ ఎలా ఇమిడాయా అని ఇరుగుపొరుగుకు ఎప్పుడూ ఆశ్చర్యమే. "నేను అరవకపోతే దిగాల్సినవాళ్ళు నిద్రపోతారు, మీరు చదివితే మేలుకోవాల్సినవాళ్ళు నిద్రపోతారు" అని ఆవిడ వారానికోసారైనా దెప్పేది. కూతురు చంటిపిల్లగా ఉన్నప్పుడు మాత్రం ఆవిడే బతిమాలేది. ఆ పిల్ల ఏ పాటకూ లొంగేది కాదు. "మూడో షెడ్యూలు. తాళాలు, తాళంచెవులు, మేకులు, తలుపు గడియలు" అని నాన్న అందుకుంటే మేకుల దగ్గరే నిద్రలోకి జారుకునేది.

కొత్త ఆర్థిక బిల్లు వచ్చిన వారం సంగతి ఇది. ఎప్పటిలాగే ముందు రోజు సాయంత్రం ఆయన వంటింటి బల్ల దగ్గర గోరువెచ్చటి నీళ్ళ గ్లాసు పెట్టుకుని బిల్లంతా ఒకసారి చదువుకుంటున్నాడు. భార్య ఎదురుగా కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తోంది. అరవై ఒకటో నిబంధన చదివి ఆగాడు. అరవై రెండోది మొదలుపెట్టాడు.

"ఆగండి," అంది ఆవిడ. "వెనక్కి వెళ్ళండి. ఇందాక ఏం చదివారు?"

మళ్ళీ చదివాడు. "బిల్లు ముద్రిత ప్రతులు సభ్యులకు అందజేసిన యెడల, సదరు బిల్లును కమిటీలో చదివి వినిపించినట్లే భావించవలెను. పఠన గుమాస్తా పదవిని రద్దుపరచి, ఆ ఉద్యోగిని దస్తావేజుల విభాగానికి బదిలీ చేయవలెను."

"పఠన గుమాస్తా అంటే ఎవరండీ?"

చదివినవాడికి తట్టనిది విన్నావిడకు తట్టింది. ఇరవై రెండేళ్ళ అలవాటు అలాంటిది. తన మెడ మీద కత్తిని తనే చక్కగా, స్పష్టంగా, కామాల దగ్గర ఆగి మరీ చదివాడు.

దస్తావేజుల విభాగం భవనం అడుగున ఉంటుంది. అక్కడ ఇనుప బీరువాలూ, తుమ్ములూ, ఒక ముసలి గుమాస్తా. ఆ ముసలాయనకు సరిగా వినపడదు కూడా. జీతం తగ్గదు. తగ్గినా ఈయన ఇంత బెంగపడేవాడు కాదేమో. ఇక తన గొంతు వినే మనిషి ఉండడన్నదే ఆయన్ని కుదిపేసింది.

"రేపు పొద్దున్నే అధ్యక్షుడిగారి చెవిన ఓ మాట వేయండి," అంది భార్య.

"ఎలా వేస్తాను? ఇన్నేళ్ళూ ఎన్నో పన్నులు చదివాను. ఎవరి మీద ఏ పన్ను పడుతున్నా కిమ్మనలేదు. ఇప్పుడు నా దాకా వచ్చేసరికి నోరు తెరవనా?"

"మరి రేపు వాళ్ళు నిద్రలోనే చేతులెత్తేస్తారు కదా."

"ఎత్తేస్తారు."

ఆవిడ బీన్స్ గిన్నె తీసుకుని లేచి, డిపోకు ఫోను చేసి మర్నాటికి సెలవు పెట్టింది.

కమిటీ గదిలో జనం కోసం గోడ పక్కన ఆరు కుర్చీలు వేసి ఉంటాయి. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఇన్నేళ్ళలో వాటిలో కూర్చున్నది, ఒకసారి వానకు లోపలికి వచ్చిన ఒక పెద్దమనిషీ, ఒకసారి తప్పు గదికి వచ్చిన పెళ్ళివారూ. ఆ రోజు పొద్దున పది గంటలకు మూడో కుర్చీలో ఉతికిన చీర కట్టుకుని ఆయన భార్య కూర్చుంది. ఆయన చూడలేదు. చదివేటప్పుడు తలెత్తే అలవాటు ఆయనకు లేదు.

మొదటి నిబంధన నుంచి యాభై దాకా బండి ఎప్పటిలాగే సాగింది. భోజనాలయ్యాయి. ఫ్యాన్లు తిరిగాయి. అధ్యక్షుడు సిమెంటు వ్యాపారం చేసి రాజకీయాల్లోకి వచ్చిన మనిషి, కళ్ళు మూసుకునే "సమ్మతమేనా" అనగల సమర్థుడు. ఆయన పక్కన రిటైరైన డాక్టరమ్మ తల వాల్చేసింది. ఈ అరవై ఒకటో నిబంధనను పట్టుబట్టి పెట్టించిన కుర్ర లాయరు సభ్యుడు కూడా, నిద్రపోకూడదని బిగించుకుని కూర్చుని, బిగించుకునే నిద్రపోయాడు.

యాభై తొమ్మిది. చేతులు లేచాయి. అరవై. చేతులు లేచాయి.

"అరవై ఒకటో నిబంధన," అన్నాడాయన. "బిల్లు ముద్రిత ప్రతులు సభ్యులకు అందజేసిన యెడల..." అంటూ ఎందుకో తలెత్తాడు. గదిలో రెండు కళ్ళు మాత్రమే తెరుచుకుని ఉన్నాయి. అవి తన భార్యవి. ఒళ్ళో చేతులు పెట్టుకుని, ముందుకు వంగి, ఇస్త్రీ దుకాణం బల్ల మీది జనం విన్నట్టు వింటోంది. ఆయన కాగితం సంగతే మరిచిపోయాడు. తర్వాతి మాట రాలేదు.

ఆగాడు కదా అని చేతులు లేచాయి. కానీ "సమ్మతమేనా" అనడానికి అధ్యక్షుడికి వాక్యం ముగిసిన స్వరం చెవిన పడలేదు. ఆయన నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. లేచిన చేతులు దించాలో వద్దో తెలియక గాల్లోనే ఉన్నాయి. మౌనం సాగింది. ఆ గొంతు వింటూ ఎన్ని గంటలైనా నిద్రపోగల మనుషులు ఆ మౌనాన్ని భరించలేకపోయారు. ముందు డాక్టరమ్మ, తర్వాత ఒక్కొక్కరే కళ్ళు తెరిచి, పైకి లేచి ఉన్న తమ చేతుల్ని తామే చూసుకున్నారు.

"ఏమైందండీ? ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది డాక్టరమ్మ.

ఆయన తల అడ్డంగా ఊపాడు. కాగితం మీద లేని మాట అనడానికి లేదు.

"అయితే ఇప్పుడు చదివింది మళ్ళీ చదవండి. నేను సరిగ్గా వినలేదు." వినలేదు అన్న మాట ఆ గదిలో ఒక సభ్యురాలి నోట రావడం అదే మొదలు. ఆయన నీళ్ళు తాగి, మొదటి నుంచి చివరిదాకా, ఏ పదాన్నీ ఒత్తకుండా, మింగకుండా చదివాడు.

డాక్టరమ్మ ఆయన మొహంలోకి చూసింది. "అంటే మిమ్మల్ని తీసేయమని మీ చేతే చదివిస్తున్నామా?"

ఆయన వేలు కాగితం మీద ఆ నిబంధన దగ్గరే ఉంచాడు.

కుర్ర లాయరు సర్దుకుని కూర్చున్నాడు. "ఇందులో వ్యక్తిగతం ఏమీ లేదండీ. కమిటీ సమయం ఆదా అవుతుంది. ప్రతులు అందరికీ నాలుగు రోజుల ముందే ఇచ్చారు కదా, అందరూ చదువుకునే వచ్చి ఉంటారు."

"ఎవరెవరు చదివారో చేతులెత్తండి," అంది డాక్టరమ్మ.

ఊరికే ఆగితే ఎత్తే చేతులు ఈసారి ఒక్కటీ లేవలేదు. లాయరు చెయ్యి సగం దాకా లేచి, చెవి గోక్కుని దిగిపోయింది.

అప్పుడు మూల కూర్చున్న సభ్యుడు, ఒకప్పుడు సైకిళ్ళ దుకాణం నడిపిన మనిషి, గబగబా తన ప్రతి తిప్పడం మొదలుపెట్టాడు. మనం దేనిదేనికి చేతులెత్తామో అన్న గుబులు ఆయనకు పుట్టింది. పదిహేడో నిబంధన దగ్గర వేలు ఆగింది. "సేవల పన్ను. పంక్చరు వేయడం, టైర్లు మార్చడం, గాలి కొట్టడం," అని తనే పైకి చదివి తెల్లమొహం వేశాడు. "అధ్యక్షా, గాలికి పన్ను వేశామా మనం?"

"అందరం సమ్మతించాం కదా," అన్నాడు అధ్యక్షుడు, కాస్త నీళ్ళు నములుతూ.

"మా బావమరిదిది పంక్చరు షాపండీ. ఈ మాట తెలిస్తే నన్ను గడప తొక్కనివ్వడు. మా ఆవిడ కూడా వాడి పక్షమే."

నవ్వులు మొదలయ్యాయి. గోడ పక్క కుర్చీలోంచి వచ్చిన నవ్వు మిగతావాటికంటే పెద్దది. జనం కుర్చీల్లో నవ్వకూడదన్న నియమం ఉందేమోనని అధ్యక్షుడు పక్క బల్ల దగ్గరున్న కమిటీ కార్యదర్శి వంక చూశాడు. లేదన్నట్టు కార్యదర్శి తలూపాడు. బిల్లు సభకు వెళ్ళేలోపు ఎన్నిసార్లైనా వెనక్కి వెళ్ళొచ్చన్న నియమం మాత్రం ఉంది. అరవై ఒకటి సంగతి దాని వంతు వచ్చినప్పుడు చూద్దాం, మళ్ళీ ఒకటి నుంచి చదవండి అన్నాడు అధ్యక్షుడు.

ఆ చదువు ఆ రోజుతో తెమల్లేదు, మూడు రోజులు పట్టింది. ఇరవై రెండేళ్ళలో ఆయన్ని ఎవరూ ఆపి ఎరగరు. ఇప్పుడు ప్రతి పేజీకీ నాలుగుసార్లు ఆపారు. "ఆ ముక్క మళ్ళీ అనండి" అన్నారు. పలకల మీద ఉన్న పన్ను బలపాలకూ వర్తిస్తుందా అని అరగంట కొట్టుకున్నారు. గాలి కొట్టడాన్ని తీసేశారు, పంక్చరు మీద పన్ను సగం చేశారు. డాక్టరమ్మ చేతికర్రల్ని అలంకార వస్తువుల జాబితాలోంచి ఊడబెరికి మందుల జాబితాలో పడేసింది. రెండో రోజు మధ్యాహ్నం కుర్ర లాయరు తలెత్తకుండానే, "కొంచెం మెల్లగా చదవండి గురువుగారూ, రాసుకుంటున్నాను" అన్నాడు. ఆయనకు ఒళ్ళు పులకరించింది. కామా దగ్గర ఇంకాస్త ఎక్కువ ఆగాడు. ఇంటికి వెళ్ళి ఆ మాట భార్యకు మూడుసార్లు చెప్పాడు, మూడోసారి లాయరు గొంతుతో.

"సంబరం సరే, ఆ అరవై ఒకటి అక్కడే కూర్చుంది కదా," అంది ఆవిడ. నిజమే. ఇప్పుడు శ్రద్ధగా వింటున్నంత మాత్రాన రేపటి నుంచి ఎవరికి వాళ్ళు ఇంట్లో చదువుకోరని ఏముంది? ఆ కుర్రాడు పట్టుబట్టి పెట్టించింది వదులుకుంటాడా? ఆ రాత్రి ఆయనకు అన్నం సయించలేదు.

మూడో రోజు సాయంత్రం నాలుగున్నరకు ఆయన భార్య డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతో, భుజాన టిక్కెట్ల సంచితో అలాగే వచ్చి మూడో కుర్చీలో కూర్చుంది. గొంతు బొంగురుపోయి ఉంది ఆయనకు. పేజీ తిప్పాడు.

"అరవై ఒకటో నిబంధన," అన్నాడు. ఈసారి తలెత్తలేదు. ముద్రిత ప్రతులు, చదివి వినిపించినట్లే భావించవలెను, పదవిని రద్దుపరచి, బదిలీ చేయవలెను. పలకల మీద పన్ను ఎలా చదివాడో అలాగే చదివాడు. ఆగాడు.

"సమ్మతమేనా," అన్నాడు అధ్యక్షుడు, కళ్ళు తెరుచుకునే.

ఆయన కాగితం వంకే చూస్తున్నాడు. చేతులు లేస్తే చొక్కాల చప్పుడు వస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ చప్పుడు వినగానే తర్వాతి నిబంధన అందుకోవడమే ఆయనకు తెలుసు. చప్పుడు రాలేదు. ఇంకాసేపు ఆగాడు. మెల్లగా తలెత్తి చూస్తే ఎనిమిదిమంది చేతులు బల్ల మీద పెట్టుకుని ఆయన వంకే చూస్తున్నారు. తొమ్మిదోవాడు, కుర్ర లాయరు, తన ప్రతి మీద ఆ నిబంధనను పెన్నుతో అడ్డంగా కొట్టేస్తున్నాడు.

నిబంధన వీగిపోతే ఏం చేయాలో ఆయనకు తెలియదు. అలాంటిది ఆ గదిలో ఎప్పుడూ జరగలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగి అక్షరాలు అలుక్కుపోతుంటే, ఏ పేజీలో ఉన్నాడో కూడా తెలియక అలాగే నిలబడిపోయాడు.

"అరవై రెండు చదవండి," అంది డాక్టరమ్మ. "వింటున్నాం."

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, పేజీ తిప్పి చదివాడు.