తాతయ్య క్లారినెట్టులో ఖాళీలు

నా చిన్నప్పుడు నాకు నత్తి ఉండేది. ఇప్పటికీ ఉంది. అది ఎలా పోయిందో చెబుతానని మీరు చివరిదాకా ఎదురుచూడకూడదని ముందే చెప్పేస్తున్నాను.

అరవైల చివర మేం సాలూరులో ఉండేవాళ్ళం. నాన్న లారీ డ్రైవరు. బండెక్కి రాయపూరు వైపు వెళితే ఎప్పటికి తిరిగొస్తాడో చెప్పలేం. ఇంట్లో అమ్మ, నేను, అమ్మ వాళ్ళ నాన్న. ఆ తాతయ్య పెళ్ళిళ్ళలో క్లారినెట్టు వాయించేవాడు. వయసులో ఉండగా ఒక జమీందారు గారి బ్యాండులో చేరి, కాగితం మీద అయిదు గీతల్లో రాసిన స్వరాలు చూసి ఇంగ్లీషు మార్చింగు పాటలు వాయించడం నేర్చుకున్నాడట. పాతబడి పచ్చబారిన ఆ కాగితాలను ప్రాణంగా చూసుకునేవాడు.

బడిలో మా టీచరమ్మ చెడ్డమనిషి కాదు, ఓపిక లేని మనిషి. అందరిచేతా వరసగా పాఠం చదివిస్తూ, నా వంతు రాగానే నన్ను దాటేసి పక్కపిల్లను లేపేది. నేను మాట్లాడబోతే చాలు, నా నోట్లోని మాట తనే అనేసేది. శ్రీకాకుళం నుంచి ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారని తెలిసినరోజు నన్ను దగ్గరికి పిలిచి, “రేపు నువ్వు వెనక బల్ల మీద కూర్చో. ఆయన ఏటి అడిగినా లెగకు” అంది.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి పుస్తకాల సంచీని గోడకేసి కొట్టాను. అరుగు మీద క్లారినెట్టు తుడుచుకుంటున్న తాతయ్య తలెత్తి చూశాడు. జరిగింది చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. తాతయ్య ఒక్క మాటా అందించలేదు. చెప్పడం అయ్యేదాకా అలాగే విన్నాడు.

నన్ను ఓదార్చనూ లేదు. నాకిష్టమైన మార్చింగు పాట ఒకటి అందుకున్నాడు. అది వింటే నా కాళ్ళు వాటంతటవే ఎగిరేవి. పూర్తయ్యాక అదే పాటను మళ్ళీ వాయించాడు. ఈసారి ఏదో అయింది. చల్లారిన గంజిలా సాగింది తప్ప అందులో ఊపు లేదు.

“ఏటి తీసీసేనో సెప్పు” అన్నాడు.

ఏదో స్వరం వదిలేశావన్నాను.

“ఒక్క స్వరం ఒగ్గలేదు. ఒగ్గీసినవి ఇవి” అంటూ కాగితం మీద వేలు పెట్టి చూపించాడు. వాలుగా ఒక చిన్న గీత, దానికి కొక్కేలు. కొన్నింటికి ఒకటి, కొన్నింటికి రెండు, అక్కడక్కడా మూడు. “దీన్ని రెస్టంతారు. ఇక్కడ ఊదకూడదు. కన్ను మూసి తెరిసినంతసేపే. ఎంత సిన్నదైతే అన్నెక్కువ కొక్కేలు. నేనిక్కడ ఆగితే, ముసిలోడికి పాట రాలేదని ఎవుడైనా అంతాడేటి?”

అనరన్నట్టు తల ఊపాను.

“నీ నత్తి పోతాదని నేను సెప్పను. నాకు తెలీదు. గానీ మాట ఆగినకాడ నువ్వు తల దించీస్తన్నావు. అలా దించకు. తల ఎత్తే ఆగు. మళ్ళీ నువ్వే ఎత్తుకో. నవ్వినోళ్ళని నవ్వనీ.”

మర్నాడు నేను వెనక బల్ల మీదే కూర్చున్నాను. నదుల పాఠం ఎవరు చదువుతారని ఇన్‌స్పెక్టరు గారు అడగ్గానే చెయ్యెత్తి లేచాను. టీచరమ్మ కళ్ళతోనే కూర్చోమంది. కూర్చోలేదు. మొదటి వాక్యంలోనే ‘నాగావళి’ దగ్గర మాట ఆగింది. ముందు బల్లల్లో కిసకిసలు. నేను తల దించలేదు, ఇన్‌స్పెక్టరు గారి మొహంలోకే చూస్తూ నిలబడ్డాను. ఇంతలో టీచరమ్మ, “నాగావళి” అని అందించింది.

“నే... నేను సదువుతాను,” అన్నాను. అంత గట్టిగా అన్నానని తరవాత ఒక స్నేహితురాలు చెబితేగానీ నాకు తెలియలేదు.

వాక్యాన్ని మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకున్నాను. ఎన్నోచోట్ల ఆగాను. ఎక్కడా తొందరపడలేదు. కిసకిసలు ఎప్పుడు మానేశారో గమనించలేదు. చదవడం అయ్యాక ఇన్‌స్పెక్టరు గారు “కూర్చోమ్మా” అని ఇంకో ప్రశ్నకు వెళ్ళిపోయారు. మెచ్చుకోలేదు, జాలీ పడలేదు. నాకదే నచ్చింది. ఆయన వెళ్ళాక టీచరమ్మ “ఎంత మొండిదానివే!” అని చెవి మెలేసింది. కానీ ఆ రోజు తరవాత ఎప్పుడూ నా వంతు దాటేయలేదు.

ఇంటికొచ్చి చెబితే తాతయ్య అడిగింది ఒక్కటే. “తల దించీసేవా?”

లేదన్నాను. సరేనన్నట్టు నవ్వి, పెళ్ళికి టైమైపోతోందంటూ చెప్పులు తొడుక్కున్నాడు.

తరవాత నేను కూడా టీచరునే అయ్యాను. నత్తి ఉన్నదానికి ఆ ఉద్యోగమేమిటని ముఖం మీదే అన్నవాళ్ళున్నారు. పిల్లల ముందు రోజూ ఆగేదాన్ని, రోజూ ఎత్తుకునేదాన్ని. ఇప్పటికీ బ్యాంకులోనో బస్టాండులోనో నాకు మాట ఆగితే, ఎదుటివాళ్ళు అందించడానికి ఆత్రంగా నోరు తెరుస్తారు. చెయ్యెత్తి ఆపుతాను. వాళ్ళు ఆగాల్సిందే, నేను ఆగినంతసేపూ.