పొగ మాస్టారి అట్ట

పొగ మాస్టారు ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు. జన్మలో ఒక్క బీడీ ముట్టలేదు. బొగ్గు కాల్చి కరెంటు తీసే కర్మాగారం గొట్టంలోంచి ఎంత నల్లటి పొగ వస్తోందో చూసి రాయడం ఆయన ఉద్యోగం. అందుకని మా వీధివాళ్ళు ఆ పేరు పెట్టేశారు.

ఆయన పనిముట్టు జానెడు అట్ట. దాని మీద నిలువుగా అయిదు పట్టీలు. మొదటి పట్టీ తెలుపు, దాని అంకె సున్నా. అక్కణ్ణుంచి ఒకటి, రెండు అంటూ బూడిదరంగు ముదిరి, చివరి పట్టీ కటిక నలుపు, దాని అంకె నాలుగు. వాళ్ళ మేడ మీద గదిలో, గొట్టానికి ఎదురుగా ఉన్న కిటికీకి ఆ అట్ట ఇనుప క్లిప్పుతో వేలాడేది. పొద్దున్నే మొహం కడుక్కుని, "స్వామీ, ఉన్నది ఉన్నట్టు చూపించు" అని దణ్ణం పెట్టుకుని, పొగ ఏ పట్టీని పోలి ఉందో చూసి పుస్తకంలో రాసేవారు. పద్దెనిమిదేళ్ళుగా అంతే. కర్మాగారంవాళ్ళు ప్రేమగా పంపిన గోడగడియారాన్ని కూడా దణ్ణంపెట్టి తిప్పి పంపిన మనిషి. ఒక్కోరోజు పొగ కాస్త నల్లగా తోచినా, "నా కంటికేం తెలుసు? అట్ట చెప్పిందే రాయాలి" అనేవారు.

ఎవరూ చెప్పకుండానే ఆయన పెట్టుకున్న పని ఇంకొకటుంది. రోజూ బడి గేటు దగ్గర ఆగి, పిల్లల్ని చూసుకునే ఆయమ్మకి ఆ అంకె చెప్పేవారు. రెండు దాటితే పిల్లల్ని ఆటలకి వదలొద్దని ఆయనే నేర్పారు. మొదట్లో వారానికి రెండు మూడుసార్లు పిల్లలు లోపలే ఉండిపోయేవారు. తర్వాత తర్వాత అన్నీ సున్నాలే. గొట్టం బాగుపడిందని అందరం సంతోషించాం.

ఆ రోజూ మనవరాలి చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళి, "సున్నా అమ్మా" అన్నారు.

"మీ పొగా, మా పిల్లల లెక్కల మార్కులూ ఒకటే మాస్టారూ!" అని ఆయమ్మ నవ్వింది.

ఆయన ఇంటికొచ్చేసరికి కోడలు మేడగది ఊడుస్తోంది.

"కోప్పడకండి మామయ్యా, అట్ట దులుపుదామని తీస్తే క్లిప్పు విరిగిపోయింది."

"పోనీలే తల్లీ, తుప్పుపట్టింది. నీ వేలు గీసుకుందేమో చూసుకో."

"వేలికేం కాలేదు గానీ, పైన ఈ తెల్ల కాగితం ఎప్పుడు అతికించారు?"

ఆయనేమీ అతికించలేదు. క్లిప్పు కరిచిపట్టుకున్న చోట, అట్ట పైఅంచున, వేలెడు మేర రంగులు కొన్న నాటిలా ఉన్నాయి. ఆ అంచున సున్నా పాలలా తెల్లగా ఉంది. దాని కిందున్న మిగతా సున్నా పొయ్యిలో బూడిద రంగు. తెరిచిపెట్టిన కిటికీలోంచి రోజుకింత చొప్పున ఆ పొగే దానికి రంగేసింది.

ఆయన అట్ట ఎత్తి, ఆ అంచుతో గొట్టం వైపు చూశారు. రెండోసారి చూశారు. అంకె మూడు.

"బుడ్డిదానికి ఆ దగ్గు ఎప్పట్నుంచమ్మా?"

"చలికాలం నుంచీ. గాలికేం, శుభ్రంగా ఉంది, జలుబు చేసుంటుందని మీరేగా అన్నారు?"

బడిలో ఆటల గంట కొట్టారు. మాస్టారు చెప్పులు కూడా వేసుకోకుండా, అట్ట చేత్తో పట్టుకునే దిగి పరుగెత్తారు.

"అమ్మా, పిల్లల్ని లోపలికి పిలు. మూడు!"

"పొద్దున సున్నా అన్నారు?"

"తప్పు చెప్పాను."

"ఒక్కరోజుకేం పోయింది మాస్టారూ, ఆడుకోనివ్వండి."

"ఒక్కరోజు కాదు తల్లీ."

ఆయమ్మ ఆయన మొహం చూసింది. ముందు గ్లాసుడు మంచినీళ్ళు ఆయన చేతికిచ్చి, వెళ్ళి గంట కొట్టింది. పిల్లలు గొణుక్కుంటూ లోపలికెళ్ళారు. కిటికీలు మూశారు. కేకలన్నీ ఆగి, ఆటస్థలం నిశ్శబ్దమైపోయింది.

అప్పుడు వినబడింది. మొదటి గదిలో ఒక దగ్గు. పక్కగదిలో ఇంకొకటి. ఆ చివరి గదిలో రెండు, మూడు, ఆగకుండా. వాటిలో ఒకటి ఆయన ఇంటిది.

"వీళ్ళు రోజూ ఇలాగే దగ్గుతారా?"

"ఏమో మాస్టారూ," అంది ఆయమ్మ మెల్లగా. "రోజూ ఈ వేళకి బయట అరుస్తూ ఉంటారు కదా. మీరు సున్నా అన్నాక మేమెప్పుడు విన్నాం?"

మాస్టారు నీళ్ళు తాగలేదు. గ్లాసు పట్టుకుని అలాగే వింటూ నిలబడ్డారు.