సొరచేప మాటకు మూడు ముళ్లు

ఆదివారం సాయంత్రం. ఉన్నవారు: నేను, నా భార్య, మా మనవరాలు.

నా డైరీలో ఆ రోజు అలా మొదలవుతుంది. మనవరాలు జంతుశాస్త్రం డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. మర్నాడు ప్రాక్టికల్ పరీక్షకు బయటి కాలేజీ నుంచి ఒక మేడం వస్తారు. సీసాలోని సొరచేపను చూపించి ప్రశ్నలడగడం ఖాయం. ఆ చేప గురించి అన్నీ తెలిసిన పిల్ల ఒక్క మాట దగ్గర ఆగిపోయేది: ఓవోవైవిపరస్. ఒకసారి క్లాసులో తడబడితే తోటివాళ్లు నవ్వారు.

"తెలీదని చెప్పేస్తా తాతా."

"తెలిసిందాన్ని తెలీదని ఎట్టా చెప్తావు?" అన్నాను.

నిఘంటువు చూసి, మాటను పెద్ద తెలుగు అక్షరాల్లో రాసిచ్చాను. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి నవ్వింది. మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, కానీ మనవరాలి బడిలో తెలుగు లేదు, తెలుగు అక్షరాలు చదవడం నాకొక్కడికే వచ్చు. ఆ సంగతి రాసేటప్పుడు నాకు తట్టలేదు.

పక్కన కనకాంబరాలు కడుతున్న నా భార్య తలెత్తింది. "ఏందా మాట, అంత పొడుగు? పూలన్నీ ఒక్కసారే పట్టుకుంటే కట్టేది యాడ? రెండేసి పెట్టి ముడెయ్యి."

అలాగే విడగొట్టి పలికాను. ఓ-వో. వై-వి. ప-రస్. అక్షరాలు ఆరు, జతలు మూడు. నాలుగో అక్షరం 'వి'ని నొక్కి పలకాలి. మనవరాలు రెండుసార్లు అనుకుని ఆగింది.

"తాతా, అర్థం కూడా మూడు ముక్కలే. మొదటిది గుడ్డు, రెండోది ప్రాణం, మూడోది కనడం. గుడ్డు తల్లి కడుపులోనే పగిలి, పిల్ల ప్రాణంతో బయటికొస్తుంది."

"మూడు ముళ్లూ పడిపోయె. పెళ్లొద్దన్నావు, సొరచేపతో అయిపోయింది," అంది వాళ్లవ్వ.

తెలుగులో దాన్ని అండశిశూత్పాదకం అంటారని చెప్పాను.

"దానికి ఇంకో మూర పూలు కావాలవ్వా," అంది మనవరాలు.

మర్నాడు ఉదయం మనవరాలితోపాటు బస్సులో వెళ్లి కాలేజీ వరండాలో కూర్చున్నాను. మిగతా పిల్లలకన్నా ఎక్కువసేపే లోపల ఉంచారు. బయటికొచ్చాక చెప్పింది. మాట తడబడలేదట. అప్పుడు మేడం, సొరచేపలన్నీ ఇంతేనా అని అడిగారట.

"కాదన్నాను తాతా. కొన్ని గుడ్లు పెడతాయి, కొన్నిట్లో పిల్లకి బొడ్డుతాడు కూడా ఉంటుంది అన్నాను."

ఆ పొడుగు మాటను మళ్లీ ఒకసారి పలకమన్నారట మేడం. ఈసారి వెనక వరసలో వంతు కోసం నిలబడ్డ తోటివాళ్లకి కూడా వినపడేలా చెప్పానంది.